వదిన వేళ్ళు

మిరపకాయ కల్లాల్లోకి దిగిందంటే మా ఊళ్ళో దగ్గుకి ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఉయ్యాల్లో పసిబిడ్డ దగ్గుతుంది. గుళ్ళో పంతులుగారు మంత్రం మధ్యలో ఆగి దగ్గుతారు. అద్దంకి బస్సు దిగినవాడు దిగిన చోటే నిలబడి నాలుగు దగ్గులు దగ్గి అప్పుడు ఇంటి దారి పడతాడు. బడికి కొత్తగా వచ్చిన టీచరు కళ్ళు తుడుచుకుంటూ ఉంటే "ఇంకా అలవాటు పడలేదు పాపం" అని నవ్వుకుంటాం. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా మేం దగ్గుని జబ్బుల్లో కలపం.

నేను ఆ ఊరికి ఆశా కార్యకర్తని. జ్వరం వచ్చినవాళ్ళని, కడుపుతో ఉన్నవాళ్ళని, సూదులు వేయించాల్సిన పిల్లల్ని ఇల్లిల్లూ తిరిగి చూసి పుస్తకంలో రాయడం నా పని. రాయడం బాగా వచ్చు నాకు. ఎక్కడ ఏం రాయకూడదో కూడా వచ్చని కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో తెలిసింది.

ఈ ఉద్యోగం నాకు ఇప్పించింది మా వదిన, అంటే మా ఆయన అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో ఆవిడ ముప్పాతిక మొగుడు. భర్త పోయాక పుట్టిన ఊరికే తిరిగొచ్చి మా పక్కనే ఒక గది వేసుకుని ఉండేది. నేను కాపురానికొచ్చిన కొత్తల్లో నా చీర కట్టు దగ్గర్నుంచి చారులో ఉప్పు దాకా అన్నిటికీ వంకలు పెట్టేది. అలాంటి మనిషి, ఊళ్ళో ఆశా ఉద్యోగం పడిందని తెలిసిన రోజు మా అత్తగారి ముందు నడుమున చెయ్యి పెట్టుకుని నిలబడింది. "టెన్త్ పాసైన కోడల్ని ఇంట్లో పెట్టుకుని పేడ ఎత్తిస్తావా అమ్మా? ఊరంతా తిరిగితే తిరగనీ. నేనుండానుగా చూసుకోడానికి" అంది. నా పిల్లలిద్దరూ ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగారు. నేను ఊరంతా తిరిగింది ఆవిడ ఇంట్లో ఉందన్న ధీమాతోనే.

మిరపకాయల కాలంలో మాత్రం ఆవిడ ఇంట్లో ఉండేది కాదు. అద్దంకి రోడ్డు మీద ఒక వ్యాపారి రేకుల షెడ్డు ఉంది. ఎండిన కాయకి ముచ్చికలు తీసి, అంటే తొడిమలు తుంచి, తెల్లబారిన తాలుకాయని వేరు చేసే పని అక్కడ. పన్నెండు మంది ఆడవాళ్ళ ముఠా, దానికి మా వదిన పెద్ద. పొద్దున్నే ఎర్రటి రాశి చుట్టూ పీటలు వేసుకుని కూర్చుంటే మళ్ళీ లేచేది పొద్దు వాలాకే. వేళ్ళు మండకుండా ముందు చేతులకి ఆముదం పట్టిస్తారు. అయినా ఆ ఎరుపు గోళ్ళ సందుల్లోకి దిగి ఉండిపోతుంది. మా పిల్లలు చిన్నప్పుడు ఆవిడ చేత్తో కళ్ళు తుడిపించుకోవడానికి భయపడి పారిపోయేవాళ్ళు. "నా చేతులు ముట్టుకుంటే ఏడుపొస్తది గానీ, నా చేతి ముద్దకి రమ్మంటే పరిగెత్తుకొస్తారు ఎదవలు" అని మురిసిపోయేది.

ఆవిడకి షుగరు ఉంది. నెలనెలా బిళ్ళలు తెచ్చి ఇచ్చేదాన్ని నేనే. తీపి మానేది కాదు. టీలో రెండు చెంచాలు పడాల్సిందే. మా ఆయన చూసినప్పుడల్లా కేకలేసేవాడు, ఆవిడ ఆయన ముందే ఇంకో అరచెంచా వేసుకునేది.

ఆ ఎండాకాలం మాకు ఒక కాయితం, ఒక మిషను ఇచ్చారు. కాయితం నిండా గడులు. వయసు అరవై దాటిందా? షుగరుందా? బీపీ ఉందా? ఆయాసం, గుండెజబ్బు ఉన్నాయా? దగ్గుందా? ఎవరికి ప్రాణం మీదికి రావచ్చో ఆ గడులు చూసి ముందే తెలుసుకోవాలన్నారు. మిషను వేలికి తగిలిస్తే ఒంట్లో ప్రాణవాయువు ఎంతుందో అంకె చూపిస్తుంది. తొంభైనాలుగు, ఆపైన ఉంటే ఫరవాలేదు. తొంభైకి దిగితే మారు మాట్లాడకుండా ఆసుపత్రికి పంపాలి. వేలికి గోరింటాకు ఉన్నా, రంగు ఉన్నా, చేయి చల్లగా ఉన్నా అంకె తప్పు రావచ్చని, తుడిచి ఇంకో వేలికి పెట్టి చూడమని కూడా చెప్పారు. ఆ ఒక్క మాటా నేను బాగా గుర్తుపెట్టుకున్నాను.

ఆ మిషనుతో వదిన షెడ్డుకి వెళ్ళడానికి వారం ముందు దక్షిణపు వీధిలో పత్తి ఏరే ఇంకో ముఠాలో ఒకామెకి దగ్గుందని రాశాను. ముఠా మొత్తాన్ని పద్నాలుగు రోజులు ఇళ్ళలో కూర్చోమన్నారు. ఆ మర్నాడు ఆ వీధిలోకి వెళ్తే నేను నడిచిన చోట నీళ్ళు చల్లారు. "నీకేం, నీ జీతం నీకొస్తది. మా నోటికాడ కూడు తీశావు" అని ఒకామె మొహం మీదే అంది. నాకు రోషం ఎక్కువ. మాట పడి ఊరుకునే రకాన్ని కాను. కానీ ఆ రోజు వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి ఏడిచాను. వదినే సముదాయించింది. "ఊరన్నాక అంటారు. నువ్వు రాయాల్సింది రాయి" అంది.

ఆ మాట అన్నది ఆవిడే. ఇన్నాళ్ళూ ఇది గుర్తుకు రాకుండా జాగ్రత్తపడ్డాను.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు షెడ్డుకి వెళ్ళాను. మూతికి రెండు గుడ్డలు కట్టుకున్నా ఘాటు లోపలికి దూసుకొస్తోంది. ఒకరి తర్వాత ఒకరికి వేలికి మిషను పెట్టి, అంకె రాసుకుని, గడులు నింపుతూ వచ్చాను. అందరూ దగ్గుతున్నారు, అందరికీ దగ్గు గడిలో "లేదు" అని రాశాను. మిరపకాయల ముందు కూర్చున్నదానికి దగ్గు రాకపోతేనే జబ్బు అనుకోవాలని ఎవరో అన్నారు, పకపకా నవ్వాం. వదిన కూడా నవ్వబోయి మధ్యలో ఆగిపోయింది. నవ్వడానికి ఆవిడకి గాలి చాల్లేదు. నేను చూశాను. చూడలేదని ఎవరితోనైనా అనగలను గానీ ఇక్కడ అనను.

చివర్లో ఆవిడ దగ్గర కూర్చున్నాను. వయసు అరవై రెండు, షుగరుంది అని రాసి చూపుడు వేలికి మిషను పెట్టాను.

ఎనభై ఎనిమిది.

"ఆముదం చేతులు వదినా, తుడుచుకో" అన్నాను. కొంగుతో తుడుచుకుంది. మధ్యవేలికి పెట్టాను. ఎనభై ఏడు. ఉంగరం వేలికి ఎనభై తొమ్మిది. గోళ్ళలో ఎరుపు దిగింది కదా, అందుకే తప్పు చూపిస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. మిగతా పదకొండు మందివీ అవే ఆముదం చేతులు, అవే ఎర్ర గోళ్ళు. వాళ్ళకి మొదటి వేలికే తొంభైఆరు, తొంభైఏడు వచ్చాయి. అది అప్పుడే తట్టింది, తట్టిన మరుక్షణం పక్కకి నెట్టేశాను.

"ఏందే, పది వేళ్ళూ చూస్తావా? కాలి వేళ్ళు కూడా చాపమంటావా?" అంది వదిన. ముఠా మళ్ళీ నవ్వింది. ఆ తర్వాత ఆవిడ గొంతు తగ్గించింది. "సరిగ్గా చూసి చెప్పవే. నన్ను ఇంటికి పొమ్మంటావా, కూర్చోమంటావా?"

పన్నెండు జతల కళ్ళు నా మీదే ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులైతే ఆ ఏటికి కాయ అయిపోతుంది. ఇప్పుడు నేను ఎనభై ఎనిమిది అని రాస్తే పన్నెండు మందీ లేవాలి. దక్షిణపు వీధి నీళ్ళు గుర్తొచ్చాయి. వదిన కూడా తనని కూర్చోనివ్వమనే నన్ను అడుగుతోందని అనుకున్నాను. ముఠా పెద్ద కదా, తన మూలంగా పని ఆగిందనిపించుకోవడం ఇష్టం లేక చూసీ చూడనట్టు రాయమంటోందని అర్థం చేసుకున్నాను. అలా అర్థం చేసుకోవడం నాకు సుఖంగా ఉంది.

ఎడమచేతి చిటికెన వేలికి పెట్టాను. అంకె ఎనభైల్లో ఊగి ఊగి ఒక్కసారి తొంభైనాలుగు అని వెలిగింది. నిలబడుతుందో లేదో చూడకుండా మిషను లాగేశాను. తాలుకాయ తీసి పారేసి మంచి కాయ ఏరుకున్నట్టు ఆ ఒక్క అంకె ఏరుకుని పుస్తకంలో రాశాను.

"తొంభైనాలుగు వదినా. బాగానే ఉంది."

"హమ్మయ్య" అంది. ముచ్చిక తుంచడంలో పడిపోయింది. నేను లేచి వచ్చేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ షెడ్డులోనే పక్కకి ఒరిగిపోయింది. ఆటోలో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. మా ఆయన ముందు సీట్లో డ్రైవరు పక్కన, వెనక వదిన తల నా ఒళ్ళో. వేళ్ళు నీలంగా మారుతున్నాయి, ఎర్రటి గోళ్ళ కింద కూడా నీలం కనిపిస్తోంది. మిషను నా సంచీలోనే ఉంది. బయటికి తీయడానికి ధైర్యం చాల్లేదు.

గుమ్మం దగ్గర డాక్టరు అవే ప్రశ్నలు అడిగాడు. వయసెంత, షుగరుందా, ఎన్నేళ్ళుగా, దగ్గు ఎప్పట్నుంచి. "మూడు రోజుల కింద చూశానండి, తొంభైనాలుగు ఉంది" అన్నాను. ఎవరూ అడగకుండానే అన్నాను. ఆయన నా సంచీ వంక, నా వంక చూసి "ఇంకా ముందు తీసుకురావాల్సిందమ్మా" అన్నాడు. ఆ రోజుల్లో అందరికీ అదే మాట చెప్పేవాళ్ళు. నాకు మాత్రం నా ఒక్కదానికే చెప్పినట్టు వినపడింది.

ఆసుపత్రిలో చేరిన ఐదో రోజు పోయింది. మేం చూడలేదు. ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఇచ్చారు. చేతులు కూడా కనపడలేదు.

పది రోజుల తర్వాత మా ఆరోగ్యకేంద్రం డాక్టరమ్మ నన్ను పిలిచి ఇంకో కాయితం ఇచ్చింది. ఊళ్ళో కరోనాతో పోయిన ప్రతి మనిషికీ అది నింపాలి. ఎందుకు పోయారో, వాళ్ళలో ఏమేం ఉన్నాయో తెలిస్తే రేపు ఇంకొకరిని కాపాడుకోవచ్చంది. "మీ ఇంటి మనిషే, నువ్వు నింపగలవా? వేరేవాళ్ళకి ఇవ్వనా?" అని మంచిగానే అడిగింది. నేనే నింపుతానన్నాను. ఇంకొకరి చేతికిస్తే వాళ్ళు షెడ్డుకి వెళ్ళి ఆడవాళ్ళని ఏమడుగుతారోనని భయం.

అరవై దాటింది, అవును. షుగరు, ఉంది. ఎన్నేళ్ళుగా, పదకొండు. బిళ్ళలు సరిగ్గా వేసుకునేవారా, అప్పుడప్పుడు. ముప్పై ఏళ్ళు మిరప దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులకి గడి లేదు, కట్టెల పొయ్యి ముందు గడిపిన ఏళ్ళకీ లేదు. మొదట చూసినప్పుడు ప్రాణవాయువు ఎంత? పెన్ను ఆగింది. తొంభైనాలుగు అని రాశాను. అంతా నింపి చూసుకుంటే ఆవిడ చావుకి కారణాలన్నీ ఆవిడ ఒంట్లోనే ఉన్నాయి. నేను ఎక్కడా లేను.

ఊరు కూడా అదే నమ్మింది. "షుగరుందిగా, అందుకే" అన్నారు పలకరించడానికి వచ్చినవాళ్ళు. షుగరు లేనివాళ్ళు ఆ మాట అనేసి కాస్త తేలికపడి వెళ్ళారు. అందరికంటే ఎక్కువ తేలికపడింది నేను. ఎవరైనా ఆ మాట అననప్పుడు నేనే అందించేదాన్ని.

మా ఆయనలో మాత్రం ఆ బాధ కోపంగా మారింది. ఆ కోపం అక్క మీద. "తీపి మానమని తల బాదుకున్నా. విన్నదా? ఎవరి మాటన్నా విన్నదా?" అనేవాడు. ఏటా సంవత్సరీకం రోజు ఫోటో ముందు టీ పెడితే చక్కెర వెయ్యనిచ్చేవాడు కాదు. "ఆ చక్కెరే దాన్ని తినేసింది" అనేవాడు. నేను చక్కెర లేని టీ పెట్టి, దణ్ణం పెట్టుకుని, వంటింట్లోకి పోయేదాన్ని. బతికుండగా ఒక్కపూట కూడా అలాంటి టీ తాగని మనిషి. పోయాక ఆ శిక్ష ఎందుకు పడిందో నాకు ఒక్కదానికే తెలుసు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ తర్వాత నేను మహా కచ్చితంగా తయారయ్యాను. ఎవరికైనా మొదటి వేలికి వచ్చిన అంకే రాస్తాను. దగ్గితే దగ్గుందనే రాస్తాను. ఇద్దరు ముగ్గురు తిట్టారు, పడ్డాను. డాక్టరమ్మ మీటింగులో నన్ను అందరి ముందూ మెచ్చుకుంది. చప్పట్లు కొట్టారు. ఎక్కడ చూడాలో తెలియక నేను నా పుస్తకం వంక చూస్తూ కూర్చున్నాను.

ఈ ఏడు ఫాల్గుణంలో మళ్ళీ జ్వరాలు తిరిగాయి. కరోనా కాదు, జలుబుజ్వరం తెచ్చే ఇంకో వైరస్ అన్నారు, పెద్దవాళ్ళని జాగ్రత్తగా చూడమన్నారు. గడులున్న కాయితం మళ్ళీ వచ్చింది. అదే షెడ్డుకి వెళ్ళాను. వదిన పీట మీద ఇప్పుడు అదే ముఠాలో ఆవిడతో పనిచేసిన ఒక పెద్దామె కూర్చుంటుంది, నేను పిన్నీ అని పిలుస్తాను. ఆవిడా షుగరు మనిషే. చూపుడు వేలికి మిషను పెడితే ఎనభై తొమ్మిది.

రాసుకోబోతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "ఆముదం చేతులే అమ్మాయ్. ఇంకో వేలు చూడు. మీ వదినకి చూసినట్టు నాక్కూడా చూడు."

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. అంటే వీళ్ళందరికీ గుర్తుంది. ఆ రోజు నేను వదినకి ఏదో మేలు చేశాననుకుంటున్నారు.

"మా వదినకి అలా చూసే చంపుకున్నాను పిన్నీ" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట వచ్చేసింది. అన్ని చేతులూ ఆగిపోయాయి. "మొదటి మూడు వేళ్ళకీ తొంభై లోపే వచ్చింది. మీ అందరి పనీ ఆగిపోతుందని, తను కూడా కూర్చోవాలనే అనుకుంటోందని..."

పిన్ని పీట మీదే నా వైపు తిరిగింది. "కూర్చోవాలని ఎక్కడనుకుందమ్మా? ఆ పొద్దున రావడం రావడమే గుండెల్లో పట్టేసినట్టుంది, ఇంటికి పోతానంది. మేమే అన్నాం, మీ మరదలొస్తది కదా, చూపించుకుని పో అని. నువ్వు చూసి బాగానే ఉందన్నావు. నువ్వెళ్ళాక కూడా అడిగాం, ఆయాసపడతన్నావు, పోతావా అని. 'మా అమ్మాయి పది వేళ్ళూ తిప్పి తిప్పి చూసింది, దానికి తెలవదా' అని కూర్చుంది."

నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ నేను పట్టుకుని వేలాడిన ఒకే ఒక్క కొమ్మ అది, ఆవిడే అలా కోరుకుందని. ఇంటికి పొమ్మంటావా, కూర్చోమంటావా అని ఆవిడ అడిగింది నిజంగా తెలుసుకోవడానికే. భయపడి అడిగింది. తనకి తెలిసినవాళ్ళలో చదువుకున్నదాన్ని, తను పట్టుబట్టి ఉద్యోగంలో పెట్టినదాన్ని అడిగింది.

పిన్ని తనే పీట మీంచి లేచింది. "సరే, పోదాం పద" అంది. ముఠా అంతా లేచి కొంగులు దులుపుకున్నారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆవిడని ఆసుపత్రిలో చేర్పించి, ఊపిరి కుదుటపడిందని నర్సు చెప్పాక ఇంటికి బయల్దేరాను.

నేను వెళ్ళేసరికి మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. టీ పెట్టి ఇచ్చాను. పిన్ని సంగతి అడిగాడు, చెప్పాను. "ఆవిడకీ షుగరేగా. మా అక్కలాగే వినే రకం కాదు" అన్నాడు.

"మీ అక్క వింది" అన్నాను.

ఏం మాట్లాడుతున్నావన్నట్టు చూశాడు. నిలబడే చెప్పాను. షెడ్డు, నవ్వులు, చిటికెన వేలు, లాగేసిన మిషను, తర్వాత కాయితంలో రాసిన అంకె, ఈ పొద్దున పిన్ని చెప్పిన మాట, ఒక్కటీ వదలకుండా చెప్పాను. "మీ అక్క ఎవరి మాటా వినక పోలేదండీ. నా మాట విని పోయింది."

గ్లాసు కింద పెట్టాడు. అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండనుకున్నాను. నా వైపు చూడకుండా అడిగాడు.

"మొదటి వేలికి ఎంతొచ్చింది?"

"ఎనభై ఎనిమిది."

ఆయన ఇంకా ముట్టని ఆ గ్లాసు తీసుకుని లేచి లోపలికి వెళ్ళాడు. వంటింట్లో డబ్బా మూత తీసిన చప్పుడైంది. కాసేపటికి నేను లోపలికి వెళ్ళి చూస్తే, ఫోటో ముందు టీ గ్లాసు ఉంది. పక్కనే చక్కెర డబ్బా, అందులో చెంచా ఉన్నాయి.